బ్యాక్‌వాటర్ లెక్క నుంచి నష్టం లెక్క దాకా: వరద సాఫ్ట్‌వేర్ల వెనుక కథ

పోలవరం ముంపు మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాయి. ఆ వాదనలో సాంకేతికమైన ముడి ఒక్కటే. జలాశయం నిండుగా ఉన్నప్పుడు పై నుంచి పెద్ద వరద దిగితే నీళ్లు ఎంత దూరం, ఎంత ఎత్తుకు వెనక్కి ఎగదన్నుతాయి? దీన్నే బ్యాక్‌వాటర్ లెక్క అంటారు. గోదావరి ట్రిబ్యునల్ స్పిల్‌వేను, అంటే వరదను కిందికి వదిలే కట్టడాన్ని, 36 లక్షల క్యూసెక్కులకు అనుకుంది. తర్వాత దాన్ని 50 లక్షల క్యూసెక్కులకు పెంచారు. మరి ముంపు లెక్క ఏ వరదకు వేయాలి? నది ఎగదన్నితే కిన్నెరసాని, ముర్రేడు వాగుల నీళ్లు ఎటు పోవాలి? 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ రాష్ట్రాలన్నిటినీ కూర్చోబెట్టి మాట్లాడమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. దానికి రెండు నెలల ముందే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు చూసింది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 43, 48, 53 అడుగుల హెచ్చరికల మధ్య బతికే ఊళ్లకు ఈ లెక్కలో ఒక్క అడుగు తేడా అంటే ఇల్లు ఉండటమా, పోవటమా అన్నమాట.

నదుల కోసం రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో అందరికంటే ఎక్కువ వాడకంలోకి వచ్చినది మొదలైంది సరిగ్గా ఈ బ్యాక్‌వాటర్ లెక్క కోసమే. ఆ కథ అమెరికాలో జరిగింది.

1936 మార్చిలో పిట్స్‌బర్గ్ సహా అమెరికా ఈశాన్య ప్రాంతమంతా మునిగింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు మిసిసిపీ గట్లు తెంచుకుంది. ఇక లాభం లేదని ఆ ఏడాది జూన్‌లో వరద నియంత్రణ చట్టం చేశారు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టారు. పని సైన్యంలోని ఇంజనీర్ల విభాగం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌కు అప్పగించారు. చట్టంలో ఒక షరతు ఉంది. ప్రయోజనం ఎవరికి దక్కినా సరే, మొత్తం మీద అది అంచనా ఖర్చును మించితేనే ప్రాజెక్టు కట్టాలి. ఒక్క వాక్యమే గానీ, ఆ తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ల రూపురేఖలను చాలావరకు అదే నిర్ణయించింది. కరకట్ట ప్రయోజనం అంటే అది ఆపిన నష్టం. ఆపిన నష్టం తెలియాలంటే ముందు మూడు సంగతులు తేలాలి: వానకు ఎంత నీరు నదిలోకి వస్తుంది, ఆ నీరు ఎంత ఎత్తున పారుతుంది, ఆ ఎత్తుకు ఎన్ని ఇళ్లు ఎంత పాడవుతాయి.

మొదటి రెండింటికీ సూత్రాలు అప్పటికే ఉన్నాయి. వాన నుంచి ప్రవాహాన్ని రాబట్టే యూనిట్ హైడ్రోగ్రాఫ్ పద్ధతిని షెర్మన్ 1932లో ఇచ్చాడు. ప్రవాహం నుంచి మట్టం తేల్చడానికి ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పిన సూత్రం ఉంది. లేనిదల్లా తీరిక. బ్యాక్‌వాటర్ లెక్కను చేత్తో వేయడం నిజంగా ఓపిక చంపే పని. నదికి అడ్డంగా కొంత దూరానికొకటి చొప్పున క్రాస్‌సెక్షన్లు, అంటే అక్కడ నదిని అడ్డంగా కోస్తే కనిపించే రూపాలు, తీస్తారు. కింది సెక్షన్‌లో మట్టం తెలుసు. పై సెక్షన్‌లో మట్టం ఎంతో ఊహించి, ఆ ఊహకు వైశాల్యం, వేగం, రాపిడి నష్టం కడతారు. రెండు వైపులా శక్తి సరిపోలకపోతే ఊహ మార్చి మళ్లీ కడతారు. ఒక సెక్షన్ కుదిరాక దాని పైది. ఇదంతా ఒక్క వరదకు. వేరే వరద అడిగితే మళ్లీ మొదటికి.

1964లో కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారి టల్సా జిల్లా కార్యాలయంలో బిల్ ఐకర్ట్ అనే ఇంజనీరు ఈ పనిని కంప్యూటర్‌కు ఎక్కించాడు. అదే ఏడాది కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కాలిఫోర్నియాలో హైడ్రలాజిక్ ఇంజనీరింగ్ సెంటర్ పెట్టింది. మన ఇంజనీర్లు హెక్ అని పిలిచేది దీన్నే. దాన్ని పెట్టిన కారణం నాకు చాలా నచ్చుతుంది. 1936 చట్టం తర్వాత ఉద్యోగాల్లో చేరిన తరం రిటైర్మెంటుకు దగ్గరపడింది. నదిని చూసి అంచనా కట్టగల వాళ్ల అనుభవం వాళ్లతోనే వెళ్లిపోకుండా పద్ధతులుగా రాసి, కొత్తవాళ్లకు నేర్పాలన్నది ఉద్దేశం. మొదటి డైరెక్టర్ లియో బియర్డ్. ఆయన తర్వాత ఐకర్టే ఆ కుర్చీలోకి వచ్చాడు.

ఐకర్ట్ ప్రోగ్రామును హెక్ 1966లో విడుదల చేసింది. 1968కి అది పెరిగి హెక్-2 అయింది. వానను ప్రవాహంగా మార్చేది హెక్-1. అప్పట్లో సమాచారమంతా పంచ్ కార్డుల మీదే. ఒక కార్డుకు 80 నిలువు వరుసలు, వాటిలో పది గడులు. నేల రూపం చెప్పే కార్డు మొదట్లో జీఆర్ అని ఉంటుంది. ఆ తర్వాత ఎత్తు, దూరం, మళ్లీ ఎత్తు, దూరం. అంటే ఒక్కో కార్డుకు ఐదే బిందువులు. నూరు బిందువులతో నది అడుగు గీయాలంటే ఇరవై కార్డులు, అదీ ఒక్క క్రాస్‌సెక్షన్‌కు. ఎన్‌సీ కార్డు మీద మానింగ్ గుణకం, అంటే నేల గరుకుదనాన్ని చెప్పే అంకె, ఉంటుంది. శుభ్రమైన నదీగర్భానికి 0.030 దగ్గర వేస్తారు. దట్టమైన పొదలు పెరిగిన గట్టుకు 0.1 దాకా పోవచ్చు. గుణకం పెరిగితే రాపిడి పెరుగుతుంది, నీరు నిదానిస్తుంది, మట్టం లేస్తుంది. ఆ గడిలో ఏ అంకె వేయాలో కంప్యూటర్ చెప్పదు. గట్టు మీద నిలబడి చూసిన మనిషి చెప్పాలి. కార్డులు పోయి తెరలు వచ్చాయి గానీ ఈ సంగతి ఈనాటికీ మారలేదు. ఇద్దరు ఇంజనీర్లు ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఒకే నదికి వేర్వేరు ముంపు రేఖలు గీయగలరు, ఇద్దరూ నిజాయితీపరులే అయి ఉండొచ్చు. పోలవరం లాంటి వివాదాల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడారన్నది పెద్ద సంగతి కాదు. ఎంత వరద తీసుకున్నారు, సెక్షన్లు ఏ ఏడాది సర్వేవి, గుణకం ఎంత వేశారు, పాత వరద గుర్తులతో సరిచూశారా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

హెక్-2ను అమెరికా అంతటా పరిచింది వరద బీమా. 1965లో బెట్సీ తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచాక గిల్బర్ట్ వైట్ నాయకత్వంలో ఒక బృందం ఈ విషయాన్ని తిరగేసింది. వైట్ భూగోళ శాస్త్రజ్ఞుడు. వరద దైవికమైనా, వరద నష్టం చాలావరకు మనుషులు చేతులారా చేసుకున్నదేనని 1945 నాటికే వాదించినవాడు. గట్లు కట్టుకుంటూ పోతే చాలదు, వరద మైదానంలో కట్టడాలను కూడా అదుపు చేయాలన్నది ఆయన మాట. 1968లో జాతీయ వరద బీమా చట్టం వచ్చింది. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు రావడానికి అవకాశమున్న వరదను ప్రమాణంగా పెట్టుకున్నారు. దీన్నే వందేళ్ల వరద అంటారు. ఆ పేరు వినేసరికి వందేళ్లకోసారే వస్తుందని చాలామంది ధీమాగా ఉంటారు. 30 ఏళ్ల ఇంటి లోను తీరేలోపు అది కనీసం ఒకసారైనా రావడానికి నూటికి 26 పాళ్లు అవకాశం ఉంది. ఆ వరదకు ఊరూరా ముంపు రేఖ గీయాల్సి వచ్చింది, ఆ పనికి హెక్-2 సిద్ధంగా దొరికింది. ప్రభుత్వ డబ్బుతో రాసిన ప్రోగ్రాము కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు.

1980ల్లో ఈ హెక్ ప్రోగ్రాములు పర్సనల్ కంప్యూటర్ల మీదికి వచ్చాయి. 1995లో హెక్-2 స్థానంలో హెక్-రాస్, 1998లో హెక్-1 స్థానంలో హెక్-హెచ్‌ఎంఎస్ వచ్చాయి. ఈలోగా డెన్మార్క్ నుంచి మైక్-11 అనే ఇలాంటి ప్రోగ్రామే వచ్చి మన జలవనరుల ఆఫీసుల్లోనూ పేరు తెచ్చుకుంది. 2016లో హెక్-రాస్ 5.0తో పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు నీరు నది వెంట ఒకే దారిన పోతుందని లెక్క. ఇప్పుడు నేలను గళ్లుగా విడగొట్టి, నీరు ఎటు పల్లముంటే అటు పరుచుకోవడాన్ని లెక్కకట్టొచ్చు. మనకు ఇది ఎంత అవసరమో 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో చూశాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు పెట్టింది. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు, గండ్లు పడి కాలువ దాటి వచ్చిన నీళ్లు. అవి వీధుల వెంట, పల్లాల వెంట పాకాయి. నది వెంట గీసిన క్రాస్‌సెక్షన్లతో అలాంటి ముంపును పట్టుకోలేం.

ఇక మూడో ప్రశ్న, నష్టం. నా దృష్టిలో అసలు సంగతి ఇదే, మన దగ్గర అందరూ దాటేసేదీ ఇదే.

వరద నష్టం లెక్కకట్టే హెక్ ప్రోగ్రాము హెక్-ఎఫ్‌డీఏ 1998లో వచ్చింది. దానికి ముంపు ప్రాంతంలోని ఇళ్ల పట్టిక కావాలి. ఒక్కో ఇంటి రకం, విలువ, లోపలి సామాను విలువ, అన్నిటికంటే ముఖ్యంగా గచ్చు ఎత్తు. గచ్చు మీద ఇన్ని అడుగుల నీరు నిలిస్తే ఇంటి విలువలో ఇంత శాతం పోతుందని చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. నేలమాళిగ లేని ఒక అంతస్తు ఇళ్లకు కోర్ ఆఫ్ ఇంజనీర్స్ 2000 సంవత్సరం చివర్లో ఇచ్చిన అంకెలు చూడండి. నీరు గచ్చును తాకితేనే సుమారు 13 శాతం, ఒక అడుగుకు 23, మూడు అడుగులకు 40. గుమ్మం దాటిన మొదటి అడుగే అంత నష్టం చేస్తుంది. ఏ వరదకు ఎంత అవకాశం, దానికి ఎంత మట్టం, ఆ మట్టానికి ఎంత నష్టం అన్న మూడు వక్రరేఖలను కలిపి, ప్రతి అంచనాలోనూ ఉన్న అనిశ్చితిని కూడా లెక్కలోకి తీసుకుని, సగటున ఏటా ఎంత నష్టమో ప్రోగ్రాము చెబుతుంది. కరకట్ట ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే ఈ సగటుల తేడాయే 1936 చట్టం అడిగిన ప్రయోజనం.

ఈ లెక్కలో ఒక అన్యాయం మొదటి నుంచీ ఉంది. నష్టాన్ని ఆస్తి విలువలో కొలిస్తే ఖరీదైన ఇళ్లున్న వైపు కట్టే గట్టుకే ప్రయోజనం ఎక్కువ తేలుతుంది. గుడిసె మొత్తం కొట్టుకుపోయినా, బంగళాలో చెక్క ఫర్నిచర్ తడిసినంత కూడా లెక్కకు రాదు. ఆ గుడిసెవాళ్లకు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ గడిలోనూ ఉండదు. ఈ లోపాన్ని సరిచేయకుండా అదే పద్ధతిని తెచ్చి ఇక్కడ పెట్టడం తప్పు. అలాగని అసలు లెక్కే వేయకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

మన దేశంలో వరద సూచన పాతదే. 1958లో ఢిల్లీ దగ్గర యమునతో మొదలై ఇప్పుడు గోదావరి, కృష్ణ అన్నీ కేంద్ర జలసంఘం చూపులో ఉన్నాయి. ఎత్తు లెక్క మనకు బాగానే అబ్బింది, హెక్-రాస్ నేర్చుకుంటున్న సివిల్ విద్యార్థులూ బోలెడంతమంది. నష్టం మాత్రం వరద దిగాక పరిహారం కోసం లెక్కపెడతాం. పంట 33 శాతం, అంతకు మించి పోయిందా? ఇల్లు పూర్తిగా పడిందా, కొంత పడిందా? విజయవాడలో 2024లో ముంపు ప్రాంతాల్లో కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ఇచ్చారు. ఆపదలో ఉన్నవాళ్లకు త్వరగా డబ్బు చేర్చడానికి అది సరైన పద్ధతే. కానీ మోకాలి లోతు నీళ్లు వచ్చిన ఇల్లూ, ఫ్యాను దాకా మునిగిన ఇల్లూ అందులో ఒకటే. రేపు బుడమేరు గట్టు ఎత్తు పెంచాలా, కాలువ వెడల్పు చేయాలా అని అడిగితే ఏది ఎంత నష్టం తప్పిస్తుందో చెప్పడానికి ఆ జాబితా పనికిరాదు.

దీన్ని సరిచేయడానికి ఇప్పుడు ఒక అవకాశం ఉంది. 2021 ఆనకట్టల భద్రత చట్టం ప్రకారం పెద్ద డ్యాముల యజమానులు అత్యవసర కార్యాచరణ ప్రణాళికలు తయారు చేయాలి. పాత డ్యాములకు చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఐదేళ్లు గడువు, అంటే 2026 డిసెంబరు. వాటి కోసం డ్యాము దిగువన ముంపు పటాలు గీస్తారు, ఏ ఊళ్లు, ఎన్ని ఇళ్లు మునుగుతాయో గుర్తిస్తారు. ఆ ఇళ్ల దగ్గరికి వెళ్లినప్పుడే గచ్చు ఎత్తు, ఇంటి రకం, లోపల ఉండేవాళ్ల సంఖ్య కూడా రాసుకుంటే శ్రీశైలం నుంచి ధవళేశ్వరం దాకా నష్టం అంచనాకు కావాల్సిన మొదటి పట్టిక తయారవుతుంది.