సుడోకు నింపుతుంటే మతిమరుపు రాదా?

మతిమరుపు పరీక్షల కోసం మా దగ్గరకు వచ్చే పెద్దల చేతిసంచిలో తరచూ సుడోకు (ఒకే అంకె వరుసలో రెండోసారి రాకుండా గళ్లు నింపే పజిల్) పుస్తకం కనిపిస్తుంది. పిల్లలు కొనిచ్చిందే. దాన్ని చూస్తే నాకు సంతోషం, దాని మీద పెట్టుకున్న ఆశలు చూస్తే దిగులు.

అపోహ: లెక్కలు రానివారికి సుడోకు అబ్బదు.
వాస్తవం: అందులో కూడికా లేదు, తీసివేతా లేదు. అంకెల బదులు తొమ్మిది అక్షరాలు వేసినా ఆట మారదు.

అపోహ: రోజూ పజిల్ చేస్తే డిమెన్షియా (మతిమరుపు ముదిరే మెదడు జబ్బు) దరిచేరదు.
వాస్తవం: ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. అమెరికాలో 1998లో మొదలైన ‘యాక్టివ్’ అధ్యయనంలో 65 ఏళ్లు, ఆపైబడిన 2,800 మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి జ్ఞాపకంలో, కొందరికి తర్కంలో, కొందరికి చూసినదాన్ని చప్పున పట్టుకోవడంలో శిక్షణ ఇచ్చారు. సాధన చేసిన విషయంలోనే మెరుగయ్యారు. మూడో బృందంలో పదేళ్ల తర్వాత డిమెన్షియా కొంత తక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ అది కంప్యూటర్ మీద చేయించిన వేరే సాధన. సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. తాళంచెవులు ఎక్కడ పెట్టామో గుర్తుకు రావడం వేరు.

అపోహ: పేర్లు మరచిపోతున్నారంటే మెదడు మొద్దుబారినట్టే.
వాస్తవం: ఒక పెద్దాయనను మనవరాలు తీసుకొచ్చింది. ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగాను. రెండే చెప్పారు. మరో ఐదు మాటలు పెద్దక్షరాలతో కాగితం మీద రాసి చూపించాను. ఈసారి నాలుగు చెప్పారు! మొదటిసారి తప్పిన మాటలు ఆయన మరచిపోలేదు, అసలు చెవిన పడలేదు. ఆ ఇంట్లో సుడోకు పుస్తకాలు మూడున్నాయి, చెవి మిషన్ లేదు. డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాలను 2024లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ చెప్పింది. వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, ఒంటరితనం అందులో ఉన్నాయి. అన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. అందుకే ముందు చెవులు చూపించండి. ఒక్కోసారి గులిమి తీస్తేనే సగం సమస్య పోతుంది.

అపోహ: సుడోకు చకచకా చేస్తున్నారు కాబట్టి జబ్బేమీ లేదు.
వాస్తవం: నాకు భయం కలిగించే మాట ఇది. ఏళ్లుగా అలవాటైన నేర్పు చివరిదాకా నిలవవచ్చు. అడిగిందే అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, పింఛను లెక్క తడబడటం కనిపిస్తే ఆలస్యం చేయకండి. బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో తగ్గవచ్చు. వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ వెంట తెండి. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు కూడా జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి.