నూతిలో బొక్కెన, కంచరగాడిద కడుపు

చిన్నీ,

పక్క ఫారంలోని ఆడ కంచరగాడిదకు అండాశయాలు తీస్తున్నారని రాశావు. "దానికి పిల్లలే పుట్టరు కదా తాతయ్యా, మరెందుకు?" అన్నావు. మంచి ప్రశ్న.

గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వాటికి పుట్టిన కంచరగాడిదకు 63. ఆ బేసి లెక్క వల్ల అది చూలు కట్టడం బహు అరుదు. అయినా చాలావాటిలో అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, ఎదకు వస్తాయి. ఆ రోజుల్లో కొన్ని కీచుమంటాయి, తంతాయి, జీను వేయనివ్వవు.

నూతిలో బొక్కెన పడితే నుయ్యి తవ్వరు కదా! అద్దంతో ఎండను లోపలికి కొట్టి, పాతాళగరిగె, అంటే కొక్కేల గుత్తి, దింపి తీస్తారు. ఇదీ అంతే. జంతువును పడుకోబెట్టరు, మత్తిచ్చి నిలబెట్టే చేస్తారు. గుర్రానికి సరిపోయే జైలజీన్ అనే మత్తుమందు మోతాదు దీనికి చాలదు, సుమారు సగం ఎక్కువ కావాలి. పేగులు అడ్డురాకుండా ముందుగా మేత ఆపుతారు. అలాగని మరీ ఎక్కువసేపు పస్తుంచితే రక్తంలో కొవ్వు పెరిగి ప్రమాదం, గాడిద జాతికి ఆ గుణం ఉంది.

డొక్క దగ్గర మొద్దుబారే సూది వేసి, ఒకటి రెండు సెంటీమీటర్ల కన్నాలు మూడు పెడతారు. ఒకదాంట్లో కెమెరా, అదే మన అద్దం. మిగతా వాటిలో పనిముట్లు. కార్బన్ డయాక్సైడ్ నింపి కడుపును ఉబ్బిస్తారు. ఆ వాయువు కడుపు లోపలి పొరకూ కండకూ మధ్య చేరితే ఆ పొర తెరలా అడ్డొచ్చి ఏమీ కనబడదు. మొదటి కన్నం లోతుగా దిగితే పేగుకు తగలొచ్చు, ఎడమ వైపైతే ప్లీహానికి కూడా.

బొక్కెనకు తాడున్నట్టు అండాశయానికి రక్తనాళాల పొర ఉంటుంది. అక్కడ మళ్లీ మొద్దుబారే మందు వేసి, వేడితో నాళాలను మూసి, అప్పుడే కోస్తారు. సరిగా మూయకుండా కోస్తే లోపలే రక్తం కారుతుంది. ఒక కన్నాన్ని కాస్త పెద్దది చేసి అండాశయాన్ని బయటికి లాగుతారు. రెండో వైపూ ఇలాగే.

కానీ తన్నడానికి కారణం ఎద కాకపోతే ఈ కోత దండగే. నడుము నొప్పి, సరిపోని జీను, పుండు, భయం, వీటిని ముందు వెతకాలి. నోరులేని జీవం మీద కోపగించుకునే ముందు దాని వీపు తడిమి చూడాలి, నాన్నా. ఆ తర్వాత అండాశయాలకు స్కానింగ్. ఆల్ట్రెనోజెస్ట్ అనే హార్మోను మందు కొన్నాళ్లు ఇచ్చి గుణం మారుతుందేమో కూడా చూస్తారు.

ఆపరేషన్‌కు ఇంకా రెండు నెలలుందన్నావుగా. అది మొండికేసిన రోజులన్నీ క్యాలెండర్‌లో ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టు. వెనక కాళ్ల వైపు వెళ్లకు, కంచె ఇవతలి నుంచే చూడు. గుర్తులు ఎద వచ్చే లెక్కన మూడేసి వారాల ఎడంలో పడుతున్నాయో, చిందరవందరగా ఉన్నాయో నాకు రాయి.

మీ తాతయ్య