ప్రభుత్వం వేసే పత్రికంటే భజనేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మన దేశం గురించి విదేశీ పాఠకులకి చెప్పే ప్రభుత్వ పత్రికలకి కొన్నేళ్లుగా అనువాదాలు, ఎడిటింగ్ చేస్తున్నాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్లు ఒక రకంగా నవ్వుతారు, "ఓహో, భజన పత్రికా" అన్నట్టు.

అపోహ: అందులో అన్నీ అబద్ధాలే.

అంకెలు, పేర్లు, తేదీలు ఇక్కడ సరిచూసినంతగా నేను పనిచేసిన ఏ పత్రికలోనూ చూడలేదు, ఎందుకంటే తప్పు దొరికితే రాయబార కార్యాలయానికి ఉత్తరం వస్తుందన్న భయం అందరికీ ఉంటుంది. మ్యాప్ వేయాలంటే ఇంకా టెన్షన్, సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో గీత తేడా లేకుండా కలవాలి. అసలు కిటుకంతా వదిలేసిన వాటిలో ఉంటుంది. కొత్త రోడ్డు ఫోటో రెండు పేజీల నిండా వేస్తాం, ఆ రోడ్డు కింద పొలం పోయిన రైతు ఊసెత్తం. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

అపోహ: వీటిని ఎవరూ చదవరు.

ఢిల్లీలోని సోవియట్ రాయబార కార్యాలయం తెలుగులో కూడా తెచ్చిన 'సోవియట్ భూమి' గుర్తుందా? ఆ నున్నటి కాగితంతో నోటుపుస్తకాలకి అట్టలు వేసుకున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. చదవకపోయినా ఆ బొమ్మ ఏడాదంతా పిల్లాడి కళ్లముందే కదా, ఇంతకన్నా ఏం కావాలి! ఇక 1956లో అమెరికా, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకుని ఒకరి దేశంలో ఒకరు పత్రికలు అమ్ముకున్నారు. సోవియట్ యూనియన్‌లో రష్యన్ భాషలో వచ్చే 'అమెరికా' పత్రిక కోసం జనం ఎగబడుతుంటే, సోవియట్ అధికారులు మాత్రం అమ్ముడుపోలేదంటూ కొన్ని కట్టలు తిప్పి పంపేవాళ్లు.

అపోహ: సొంత ప్రజల ముందు డప్పు కొట్టుకోడానికే ఇవి.

అమెరికాలో ఇలాంటివి సొంత జనానికి పంచకూడదని దశాబ్దాల పాటు చట్టమే ఉండేది, 2013లో గానీ సడలించలేదు.

అపోహ: అనువాదం అంటే మక్కీకి మక్కీ దించేయడమే.

లక్ష, కోటి అంటే బయటివాళ్లకి తెలియదు, ప్రతి అంకె మార్చి రాయాలి. ఒకసారి 12 కోట్లని, అంటే 120 మిలియన్లని, 12 మిలియన్లు అని రాసేశాను. పైన ఇంత జాగ్రత్త అని చెప్పానా, ముగ్గురు ప్రూఫ్ చూశారు, ఒక్కరూ పట్టుకోలేదు. చివరికి ప్రెస్‌కి వెళ్లే రాత్రి పేజీలు పెట్టే కుర్రాడు, "మేడమ్, ఇది మరీ తక్కువ కాలేదూ?" అన్నాడు.