నాయనమ్మ గదిలో సెన్సర్లు పెట్టబోయే పిల్లలకు

చెన్నై,
మే నెల

చిరంజీవులకు ఆశీస్సులు.

రిచీ స్ట్రీట్‌కి పరిగెత్తి సామాను కొనేముందు ఈ ఉత్తరం ఒక్కసారి చదవండర్రా. నాయనమ్మ మంచం దిగగానే దానంతటదే వెలిగే లైటు, బాత్‌రూమ్‌లో ఆలస్యమైతే మోగే గంట, రెండూ మీ చేతనయ్యే పనులే. 5 వోల్టుల ఫోన్ చార్జరుతో నడిచేవే వాడండి, ఇంటి కరెంటు తీగల జోలికి పోవద్దు. ముందుగా ఆవిడని అడగండి. ఏది ఎక్కడ పెడుతున్నారో, అది ఏం చేస్తుందో చెప్పండి. కెమెరా మాత్రం వద్దు. ఆ గది ఆవిడది.

లైటుకి, కదలికను పట్టే పిఐఆర్ సెన్సర్ అని అడిగితే తెల్లటి ప్లాస్టిక్ బుడిపె ఉన్నది ఇస్తారు. దానికి మనిషి కనిపించడు, ఒంటి వేడి కనిపిస్తుంది, అదీ కదిలితేనే. బుడిపె లోపల వేడిని పసిగట్టే ముక్కలు రెండు పక్కపక్కనే ఉంటాయి. వేడి ఒకదాని ముందు నుంచి రెండోదాని ముందుకు జరిగినప్పుడు వచ్చే తేడానే సిగ్నల్. అందుకే ఎదురుగా వచ్చే మనిషి కన్నా అడ్డంగా దాటే మనిషి దానికి బాగా దొరుకుతుంది. నేల నుంచి జానెడున్నర ఎత్తులో, మంచం కోడుకి బిగించండి. కాళ్ళు కిందికి దించగానే లైటు వెలగాలి. పైన పెడితే ఆవిడ పక్క మీద దొర్లినప్పుడల్లా వెలిగి నిద్ర పాడవుతుంది.

హెచ్‌సి-ఎస్‌ఆర్501 రకం అయితే వెనక రెండు మరలుంటాయి, ఒకటి దూరానికి, ఒకటి సమయానికి. సమయం రెండు నిమిషాలకు తిప్పండి. పక్కనున్న జంపర్‌ని, అంటే పిన్నుల మీద అటూఇటూ మార్చే చిన్న తొడుగుని, కదలిక ఉన్నంతసేపూ గడువు పెరుగుతూ పోయే వైపు పెట్టండి. రెండో వైపు ఉంటే ఆవిడ ఇంకా నడుస్తుండగానే లైటు ఆరిపోతుంది, ఆపైన దాదాపు మూడు సెకన్లు సెన్సర్ దేన్నీ పట్టించుకోదు. చీకట్లో, తడి నేల మీద, ఆ మూడు సెకన్లు చాలా ఎక్కువ. కరెంటు పోయి వచ్చాక మొదటి నిమిషం కూడా ఇది ఊరికే సిగ్నల్ ఇస్తుంటుంది. ఆ నిమిషాన్ని లెక్కలోకి తీసుకోవద్దని, సెన్సర్ల సిగ్నల్ చదివే చిన్న కంప్యూటర్ బోర్డు ప్రోగ్రాములో రాయండి.

మన ఊరి ఎండలతో ఇంకో చిక్కు ఉంది. కత్తిరి రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, మధ్యాహ్నం గోడలు 35, 36 డిగ్రీలకు కాగుతాయి. ఒంటి మీది చర్మమూ ఇంచుమించు అంతే వేడి. రెండింటికీ తేడా లేకపోతే పిఐఆర్‌కి గది ఖాళీగానే అనిపిస్తుంది. ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చున్నా అంతే. ఊపిరికి ఛాతీ కదలడాన్ని కూడా పట్టే రాడార్ సెన్సర్లు దొరుకుతాయి కానీ, సీలింగ్ ఫ్యాను, ఊగే కర్టెన్ కూడా వాటికి మనిషిలాగే కనిపించవచ్చు. ఫ్యాను వైపు తిప్పకుండా పెట్టాలి.

కాబట్టి బాత్‌రూమ్‌కి సాక్షి పిఐఆర్ ఒక్కటే అయితే చాలదు. తలుపుకి అయస్కాంతం, గుమ్మానికి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) బిగించండి, తలుపు మూసి ఉందో లేదో తెలుస్తుంది. మధ్య ఎడం ఒక సెంటీమీటరు దాటనివ్వకండి. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి ఎడం మారుతుంది, నవంబరులో మళ్ళీ చూసుకోండి. వారం రోజులు ఆవిడకి లోపల ఎంతసేపు పడుతోందో రాసుకుని, అన్నిటికన్నా ఎక్కువ సమయానికి పది నిమిషాలు కలపండి. అది దాటితే ముందు గదిలో గంట మోగాలి. రెండు నిమిషాల్లో ఎవరూ ఆపకపోతే ఫోన్లకు కబురు వెళ్ళాలి, మొదట తాళంచెవి ఉన్న పక్కింటివాళ్ళకి. 108కి ఫోన్ చేసేది మనిషే. గడువు మరీ తక్కువ పెడితే ఉత్తుత్తి గంటలకు విసిగి ఎవరో ఒకరు ప్లగ్గే పీకేస్తారు. పిలుపు గంట తాడు నేలకు బెత్తెడు ఎత్తు దాకా వేలాడాలి, పడిపోయిన మనిషికి గోడ మీది స్విచ్ అందదు. లోపలి గడియ తీసేసి, బయటి నుంచి కూడా తెరుచుకునేది పెట్టించమని నాన్నగారికి చెప్పండి.

సెన్సర్ ఏమీ చెప్పడం లేదంటే రెండు కారణాలు ఉండొచ్చు: గదిలో కదలిక లేదు, లేదా సెన్సరే చచ్చిపోయింది. ఈ రెండూ ఒకటిగా కనిపించే ఏర్పాటు ప్రమాదం. ప్రతి సెన్సరూ గంటకోసారి ‘ఉన్నాను’ అని కబురు పంపాలి, అది రాకపోతే వెంటనే తెలియాలి. గంట మోగించే నిర్ణయం గదిలోని బోర్డే తీసుకోవాలి. నెట్ పోయినా ఇంట్లో గంట ఆగకూడదు. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టండి.

ఇక రోబోల సంగతి. 2015లో జపాన్‌లో రికెన్ సంస్థ రోబేర్ అనేదాన్ని చూపించింది. మంచం మీది మనిషిని ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేది. దాని బరువే 140 కిలోలు! మన ఇళ్ళకి ఇప్పటికి వచ్చింది ఊడ్చే రోబో. మెట్ల అంచు కనిపెట్టడానికి దాని అడుగున ఇన్ఫ్రారెడ్ కళ్ళుంటాయి. నల్ల గ్రానైట్ ఆ వెలుగును వెనక్కి పంపదు కాబట్టి అక్కడ గొయ్యి ఉందనుకుని ఆగిపోతుంది. ముగ్గుని మాత్రం నిక్షేపంగా ఊడ్చేస్తుంది. ఆవిడ గదిలో నడిచే వేళ దాన్ని వదలకండి, కాళ్ళకి అడ్డం పడుతుంది.

అన్నీ బిగించాక ప్రతి ఆదివారం మీలో ఒకరు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని, గడువు దాటేదాకా కదలకుండా కూర్చోండి. ఇంకొకరు బయట గడియారం పట్టుకోండి. గంట ఎన్నో నిమిషానికి మోగిందో నోటుబుక్కులో రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య