పొట్టలో పొడి ఉన్న తీగ

రాజోలు దగ్గర మా పెరట్లో మధ్యాహ్నం దాటిందంటే సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. కొబ్బరిచెట్ల కింద మడత మంచం వేసుకున్నవాడికి అది స్వర్గం. మిగ్ వెల్డింగ్ (గ్యాసు ఊదుతూ తీగను కరిగించి అతికే పద్ధతి) గన్ను పట్టుకున్నవాడికి తలనొప్పి. నాకు రెండూ అనుభవమే.

మా పాత వ్యాను సైలెన్సర్ గొట్టం పోయింది. స్టార్ట్ చేస్తే వరికోత మిషను వచ్చిందేమోనని పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూసేవారు. సెంటర్లో వెల్డింగ్ షాపు మేస్త్రి కిందికి వంగి, సుత్తి కొసతో రెండుసార్లు తట్టి, "రాడ్డుకి ఆగదండి బాబూ ఇది. ముట్టుకుంటే చిల్లు పడిపోద్ది. కొత్తది వేయించేసుకోండి" అన్నాడు. ఆయన మాట నిజమే. సైలెన్సర్ గొట్టం కొత్తలోనే ఒకటిన్నర మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తుప్పు తిన్నాక ఇక మిగిలేదెంత?

ఈ తుప్పు గురించి ఒక మాట. కోనసీమలో ఏ ఇనుము పాడైనా "ఉప్పుగాలి" అనేసి ఊరుకుంటాం. సైలెన్సర్ దగ్గర మాత్రం లోపలి నుంచి కూడా దెబ్బ పడుతుంది. పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ మండితే నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. రాజమండ్రి దాకా వెళ్ళొచ్చే బండి గొట్టం బాగా కాగి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. రోజూ ఇంటి నుంచి రేవుకీ రేవు నుంచి ఇంటికీ తిరిగే బండి గొట్టం కాగేలోపే ఇంజను ఆగిపోతుంది. ఆవిరి చల్లబడి నీళ్ళు లోపలే నిలుస్తాయి. పొద్దున్నే బండి తీస్తే వెనక చుక్కలు పడేది ఆ నీళ్ళే. పైన ఎంత మంచి రంగు వేసినా లోపలి తుప్పుకి అది అడ్డం రాదు.

పాడైన ముక్క కోసేసి కొత్త గొట్టం ముక్క అతుకుదామనుకున్నాను. మా బావమరిది దగ్గర చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను ఉంది. గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు, ఫ్లక్స్ కోర్ తీగతో నడుస్తుంది. తీగ చూస్తే మామూలు ఇనుప తీగే, 0.8 మిల్లీమీటర్లు. కటింగ్ ప్లయరుతో తుంచి, కొసను భూతద్దం కింద పెట్టి చూశాను. చుట్టూ సన్నని ఉక్కు అంచు, నడుమ ఫ్లక్స్ అనే బూడిదరంగు పొడి. గోటితో తడితే రెండు రేణువులు రాలాయి. కాకినాడ గొట్టం కాజా గుర్తొచ్చింది గానీ అందులో ఉండేది పాకం. ఆత్రేయపురం పూతరేకే సరైన పోలిక. పల్చటి ఉక్కు పట్టీని దోనెలా వంచి, పొడి పోసి, అంచులు మూసేస్తారు. తర్వాత చిన్న చిన్న రంధ్రాల గుండా లాగి లాగి సన్నం చేస్తారు.

వెల్డింగ్ రాడ్డు ఎరిగినవాళ్ళకి ఇది తిరగేసిన రాడ్డు. రాడ్డుకి పూత పైన ఉంటుంది. పైన పూత ఉన్నదాన్ని చుట్టగా చుడితే పెళుసుగా రాలిపోతుంది, పైగా పూతలోంచి కరెంటు పోదు. 1950ల్లో ఆ పూతనే తీగ పొట్టలోకి పంపారు. బయటి గ్యాస్ బొత్తిగా అవసరం లేని రకాన్ని 1958లో అమెరికాలోని లింకన్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇన్నర్‌షీల్డ్ పేరుతో తెచ్చింది.

ఇంతకీ ఆ పొడి దేనికి? మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. మనకి అది చేసే హాని ఏమీ లేదు. ఉక్కు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఎర్రటి మడుగులా నిలిచినప్పుడు మాత్రం అదే నైట్రోజన్ అందులో కరిగిపోతుంది. గడ్డకట్టే క్షణంలో ఉక్కుకి దాన్ని పట్టి ఉంచుకునే శక్తి తగ్గిపోతుంది, గ్యాసు బుడగలుగా బయటికి తోసుకొస్తుంది. రొయ్యలకి తెచ్చే ఐసు దిమ్మ నడిమధ్య తెల్లగా ఉండడం చూసే ఉంటారు. అక్కడ జరిగేదీ ఇలాంటిదే. నీళ్ళలో కరిగిన గాలి, నీరు గడ్డకడుతుంటే వెళ్ళే దారి లేక బుడగలై చిక్కుకుంటుంది. ఐసులో ఆ తెలుపు వల్ల నష్టం లేదు. సైలెన్సర్ అతుకులో ఆ బుడగలే పురుగు తొలిచిన దారుల్లా మిగిలి, పొగను బయటికి వదులుతాయి.

మిగ్ వెల్డింగ్‌లో గన్ను మూతిలోంచి గ్యాసు ఊది నైట్రోజన్‌ను అవతలికి నెడతారు. గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల గాలి చాలు, ఆ గొడుగు ఎగిరిపోవడానికి. మా పెరట్లో సాయంత్రాలు అంతకంటే ఎక్కువే వీస్తుంది. ఫ్లక్స్ తీగకి గొడుగు బయటి నుంచి రాదు. పొడిలోని కార్బొనేట్లు, ఫ్లోరైడ్లు ఆ వేడికి అక్కడికక్కడే పొగగా మారి కమ్ముకుంటాయి. దాన్ని దాటి చొరబడిన నైట్రోజన్, ఆక్సిజన్‌లను పొడిలోని అల్యూమినియం, మెగ్నీషియం పట్టేసుకుంటాయి. మిగతా పదార్థాలు చిట్టెంగా పైకి తేలి, పాల మీద మీగడలా గట్టిపడి అతుకును కప్పుతాయి. నాకు ఈ రెండో కాపలా చాలా నచ్చింది. శత్రువును రానివ్వకపోవడం ఒక పద్ధతి, వచ్చినవాణ్ణి కట్టేయడం మరో పద్ధతి.

దానికీ ఒక చిక్కు ఉంది. తీగ చుట్ట మీద రకం పేరు ఈ71టీ-జీఎస్ అని ఉంటే దాన్ని ఒక్క వరసకే వాడాలి. మొదటి వరసలో గొట్టం ఉక్కు కలిసి పొడిలోని అల్యూమినియం పలచబడుతుంది. వరస మీద వరస పోస్తే మిగులు అల్యూమినియం పేరుకుని అతుకు పెళుసెక్కుతుంది. సైలెన్సర్‌కి ఒక్క వరస చాలు గనక మనకి ఇబ్బంది లేదు.

మొదటిరోజు నా పని చూసి మా ఆవిడ నవ్వింది. మంగలంలో పేలాలు వేగినట్టు నిప్పురవ్వలు చిటపటా ఎగిరాయి, అతుకు మాత్రం పిచ్చుకగూడులా తేలింది. తీగ మంచిది కాదని బావమరిదిని తిట్టాను. తప్పు తీగది కాదు. మిషను మూత తెరిస్తే గన్ను ప్లస్‌కి, ఎర్త్ క్లాంపు మైనస్‌కి బిగించి ఉన్నాయి. గ్యాస్‌తో వాడే, నడుమ పొడి లేని తీగకి అది సరిపోతుంది. గ్యాస్ లేని ఈ తీగకి గన్ను మైనస్‌లో ఉండాలి. అప్పుడు వేడిలో ఎక్కువ వాటా తీగకే పోతుంది, రేకులోకి లోతుగా దిగదు. పల్చటి గొట్టానికి కావలసిందీ అదే. రెండు నట్లు విప్పి తారుమారు చేశాక అది అదే మిషనా అనిపించింది.

ఇక గొట్టం పని. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాను, పెట్రోలు ట్యాంకు దగ్గర్లో ఉన్న పనులు ముట్టుకోలేదు. ఈ తీగతో ఖాళీలు పూడ్చడం కష్టం, అందుకే కొత్త ముక్క పాత గొట్టం మీదకి బిగువుగా ఎక్కేలా కోయించాను. కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా నాలుగు చుక్కలు పెట్టి, ఆ తర్వాత సెంటీమీటరు చొప్పున అతికి ఆగుతూ పోయాను. గన్ను నెట్టకుండా లాగాలి. నెడితే చిట్టెం, కరిగిన లోహం ముందుకి పాకి అందులోనే ఇరుక్కుంటుంది. ఆగిన ప్రతిచోటా చిట్టెం కొట్టి, వైరు బ్రష్షుతో రుద్ది మళ్ళీ మొదలెట్టాలి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. ఇంట్లో మిగిలిన జీఐ పైపు ముక్క కనిపించింది కదా అని సైలెన్సర్‌కి వాడకండి. దాని మీది జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ఉక్కు కరగకముందే జింకు ఆవిరై, తెల్లటి దూదిపింజల్లాంటి పొగగా ముక్కులోకి పోతుంది. కొన్ని గంటల తర్వాత చలి, వణుకు, ఒళ్ళునొప్పులు. దోమల సీమలో ఉన్నాం కాబట్టి మలేరియా అనుకుంటాం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆయాసం వస్తే మాత్రం ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. పాలు తాగి పని మొదలెడితే ఏం కాదన్న నమ్మకం వెల్డర్లలో ఉంది గానీ, ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని పొట్టలోకి పోయిన పాలు ఏం చేస్తాయి? క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రేతో గొట్టం తుడవడం ఇంకా ప్రమాదం. ఆర్క్ (తీగ కొస దగ్గర పుట్టే విద్యుత్ మెరుపు) వేడికీ వెలుగుకీ అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారగలదు.

అంతా అయ్యాక, ఇంజను స్టార్ట్ చేసి, వెనక గొట్టానికి తడిగుడ్డ కాసేపు అడ్డం పెట్టమని బావమరిదికి చెప్పాను. నేను పంచరు షాపువాడిలా సబ్బునీళ్ళు తీసుకుని గొట్టం కాగకముందే అతుకు చుట్టూ పూశాను. లోపలి పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు, అందుకే ఈ పరీక్ష ఆరుబయటే. మూడుచోట్ల బుడగలు లేచాయి. చూస్తే మూడూ నేను ఆగి మళ్ళీ మొదలెట్టిన చోట్లే, చిట్టెం సరిగా కొట్టకుండా పోసినవి. ఆ మూడూ గ్రైండరుతో తీసి మళ్ళీ అతికేసరికి లైట్లు వెలిగాయి. మర్నాడు పొద్దున్న వ్యాను తీస్తే పక్కింటివాళ్ళు బయటికి రాలేదు.