ఎక్కలేని గుర్రం ఎందుకు?

పిల్లలూ,

మీ అందరికీ తాతయ్య ఆశీస్సులు.

"ఎక్కి తిరగడానికి వీల్లేని గుర్రాన్ని ఎవరైనా ఎందుకు పెంచుతారు తాతయ్యా?" అని రాశారు కదా. సబబైన ప్రశ్నే. గుర్రం అనగానే ఎవరికైనా ముందు స్వారీయే గుర్తొస్తుంది. మరి వీపు మీద మనిషిని మోయలేని గుర్రంతో పనేమిటి? ఈ బుల్లి గుర్రాలంటే, అదే మినియేచర్ గుర్రాలంటే, ముద్దుగా మినీలంటే, నాకు ఎంత ఇష్టమో మీకు తెలుసు కాబట్టి ఉత్తరం కాస్త పొడుగైతే విసుక్కోకండి.

ముందు కొలతల సంగతి. మామూలు గుర్రం ఎత్తును భుజాల పైన మెడ కలిసే చోట కొలుస్తారు. మినియేచర్ గుర్రాన్ని మాత్రం జూలులో చివరి వెంట్రుకలు ఆగిపోయే చోట కొలుస్తారు. 1978లో మొదలైన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ లెక్కలో ఆ ఎత్తు 34 అంగుళాలకు, అంటే దాదాపు 86 సెంటీమీటర్లకు మించకూడదు. మనం భోంచేసే బల్ల కన్నా కాస్తంత ఎత్తు, అంతే. ఈ గుర్రాలను నమోదు చేసే మరో పెద్ద సంస్థ 38 అంగుళాల దాకా రెండో తరగతిగా ఒప్పుకుంటుంది. బరువు సుమారుగా 70 నుంచి 110 కిలోలు. పెద్ద గుర్రం 450, 500 కిలోలు తూగుతుంది.

"అయితే ఇది పోనీయే కదా" అంటారేమో. పోనీ అంటే మామూలుగా 58 అంగుళాల లోపు గుర్రం. దాని కాళ్లు పొట్టిగా, ఒళ్లు గుండ్రంగా, మెడ మందంగా ఉంటాయి. మినీ గుర్రాన్ని పెంచేవాళ్లు కోరుకునేది వేరు. నాజూకు తల, పొడుగాటి మెడ, సన్నని కాళ్లు, అన్నీ పెద్ద గుర్రం పాళ్లలోనే ఉండాలి, ఎత్తు మాత్రం తగ్గాలి. పక్కన మనిషి గానీ బకెట్టు గానీ లేకుండా తీసిన ఫొటో చూస్తే అది ఎంత గుర్రమో పోల్చుకోలేరు. మంచి మినీకి అదే గుర్తు.

ఈ పొట్టితనం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఐదున్నర కోట్ల ఏళ్ల కిందట గుర్రాల పూర్వీకులు కుక్కంత ఉండేవని మీరు చదివే ఉంటారు. ఇవి అప్పటి నుంచి అలాగే మిగిలిపోయినవి అనుకోకండి. వీటిని మనుషులే ఏరి ఏరి ఇంతగా చేశారు. దానికి పునాది వేసింది స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల పోనీలు. చలిగాలి, చాలీచాలని గడ్డి, చెట్టూ చేమా లేని నేల. అక్కడ చిన్న ఒళ్లు, దట్టమైన వెంట్రుకలు ఉన్నవే తట్టుకుని నిలిచాయి.

ఆ పొట్టితనాన్ని మనిషి మొదట వాడుకున్న తీరు తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. 1842లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. ఆడవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు బొగ్గు గనుల్లోకి దిగకూడదన్నది. అంతవరకూ ఇరుకు సొరంగాల్లో బొగ్గు బండ్లు లాగింది ఆడవాళ్లు, మీ వయసు పిల్లలూ. ఆ తర్వాత ఆ చాకిరీ మరింతగా పోనీల నెత్తిన పడింది. పైకప్పు తక్కువ ఎత్తులో ఉండే చోటికి పెద్ద గుర్రం పోలేదు కాబట్టి షెట్లాండ్ పోనీలకు గిరాకీ పెరిగింది. 1913 నాటికి బ్రిటన్ గనుల్లో దాదాపు 70,000 గుర్రాలు, పోనీలు పనిచేసేవి. చాలా గనుల్లో వాటి కొట్టాలు కూడా నేల కిందే ఉండేవి. వాటిలో చివరివి పని మానింది 1990లలో. అంటే మీ అమ్మానాన్నలు బడికి వెళ్లే రోజుల్లో.

మరో పాయ అర్జెంటీనాలో మొదలైంది. 19వ శతాబ్దంలో అక్కడి ఒక కుటుంబం పొట్టి గుర్రాలను ఏరి, వాటిలో వాటికే జత కట్టించి, తరం తర్వాత తరం ఎత్తు తగ్గించుకుంటూ వచ్చింది. ఆ కుటుంబం పేరు మీదే ఆ జాతికి ఫాలబెల్లా అని పేరు స్థిరపడింది. షెట్లాండ్, వెల్ష్ పోనీల రక్తంతో పాటు పొట్టిగా పుట్టిన పందెపు గుర్రాల రక్తాన్నీ కలిపారు. గుర్రపు పిల్ల తల్లి కడుపులో పదకొండు నెలలుంటుంది. పుట్టాక అది పెరిగి మళ్లీ తల్లి కావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కో అంగుళం వెనక ఎంత కాలం, ఎంత ఓపిక ఉన్నాయో ఆలోచించండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పెద్ద గుర్రం ముందు నిలబడిన చిన్న పిల్లకు ఏం కనిపిస్తుంది? రెండు కాళ్లు, ఒక ఛాతీ. మొహం ఎక్కడో పైన ఉంటుంది. మినీ ముందు నిలబడితే కళ్లలో కళ్లు పెట్టి చూడొచ్చు. కనుపాప అడ్డంగా, కోలగా ఉంటుంది. దాని పైఅంచున నల్లటి చిన్న బుడిపెలు వేలాడుతూ ఉంటాయి, ఎండ నేరుగా లోపలికి పోకుండా అడ్డుకోవడానికి. పెదవి మీది వెంట్రుకలు మీ అరచేతికి తగులుతాయి. ముక్కుపుటాలు విచ్చుకుని మీ వాసన పీల్చుకుంటాయి. గుర్రం మనల్ని పరిచయం చేసుకునేది అలాగే. పిల్లలకు, చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకు, మంచం దిగలేని ముసలివాళ్లకు ఆ పరిచయం పెద్ద గుర్రంతో దొరకదు. మినీ అయితే నడుచుకుంటూ మంచం పక్కకే వచ్చి, తల పరుపు మీదికి చాపుతుంది. నేను వీటిని ఇష్టపడటానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

అందుకే చాలా దేశాల్లో శిక్షణ ఇచ్చిన మినీలను ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులకు తీసుకెళ్తున్నారు. అదేమీ మందూ మాయా కాదు. ఎవరితోనూ మాట్లాడని మనిషి గుర్రం మెడ మీద చెయ్యి వేసి, దాని పేరేమిటని అడగడమే అక్కడ జరిగే పని. దాని విలువ ఆ మనిషి ఇంటివాళ్లకు తెలుస్తుంది. గుర్రం కూడా మనల్ని ఊరికే చూస్తూ ఉండదు. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న మొహాన్ని అవి ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి, గుండె వేగం కూడా త్వరగా పెరిగింది. కాబట్టి గుర్రం దగ్గరికి చిరాకు మొహంతో వెళ్లకండి.

చూపు లేనివాళ్లకు దారి చూపే మినీలు కూడా ఉన్నాయి. అమెరికాలో 1999లో ఇందుకోసం ఒక సంస్థ పెట్టారు. 2011 మార్చి నుంచి అక్కడి వికలాంగుల హక్కుల చట్టం నిబంధనలు, పని నేర్చిన మినీ గుర్రాన్ని యజమానితో పాటు బహిరంగ స్థలాల్లోకి రానివ్వాలని చెబుతున్నాయి. అది యజమాని అదుపులో ఉందా, లోపల మలమూత్రాలు చేయకుండా నేర్చుకుందా, ఆ చోటు దాని బరువుకూ సైజుకూ సరిపోతుందా, దానివల్ల ఎవరి భద్రతకైనా ముప్పుందా అన్నవి చూసుకుంటారు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి నుదుటి ముందు, తోక వెనక కొద్ది మేర తప్ప దాదాపు చుట్టూ చూడగలదు. పైగా 25 నుంచి 35 ఏళ్లు బతుకుతుంది. అంత కాలం తోడుండే కుక్క ఉండదు. కుక్క వెంట్రుకలు పడనివాళ్లకు, కుక్కంటే భయపడేవాళ్లకు ఇది నిజంగా వరమే. అయినా నా మనసులో మాట చెప్పాలంటే, ఎక్కువమందికి కుక్కే తగిన తోడు. గుర్రం మందలో బతికే జీవి. రోజంతా తన జాతి ముఖం చూడకుండా మనుషుల మధ్యే తిరగడం దానికి సుఖం కాదు. సాయంత్రానికైనా అది తోటి గుర్రం పక్కన గడ్డి మేయాలి.

ఇక బండి. మినీ మీద స్వారీ చాలా చిన్న పిల్లలకే కుదురుతుంది. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. 90 కిలోల గుర్రానికి 18 కిలోలు. మీలో ఆఖరివాడు కూడా అంతకు మించే ఉంటాడు! కానీ మోయలేనిది లాగగలదు. చక్రాల మీద బరువు తేలిక కాబట్టి, బాగా పెరిగి ఒళ్లు గట్టిపడిన మినీ తేలికపాటి రెండు చక్రాల బండిలో పెద్ద మనిషిని కూడా చదును దారిలో హాయిగా లాగుతుంది. బండి కట్టే ముందు పొడుగు పగ్గాలు పట్టుకుని వెనకాలే నడుస్తూ నేర్పిస్తారు. ఎటు తిరగాలో, ఎప్పుడు ఆగాలో, పగ్గం ఎంత తేలికగా పట్టాలో గుర్రమూ మీరూ ఒకేసారి నేర్చుకుంటారు. గుర్రపు విద్యకు ఇంతకన్నా మంచి తొలిమెట్టు నాకు తెలియదు.

ముద్దు సంగతులు అయ్యాయి, ఇప్పుడు చాకిరీ సంగతి. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అంటారు మన పెద్దలు. మినీకి దాణా తక్కువే గానీ శ్రద్ధ మాత్రం ఏమీ తగ్గదు. అసలు చిక్కంతా తిండి దగ్గరే. చాలీచాలని గడ్డి మీద బతికిన జాతి రక్తం కదా, ఏపుగా పెరిగిన పచ్చిక మీద వదిలేస్తే ఇట్టే ఒళ్లు చేస్తుంది. ఒళ్లు చేస్తే ముప్పు కాళ్లకు వస్తుంది. గిట్ట లోపల ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పలుచటి పొరలు ఉంటాయి. అవి వాస్తే ల్యామినైటిస్ అంటారు. ముదిరితే పట్టు వదిలి ఎముకే కిందికి తిరుగుతుంది. ఆ నొప్పితో గుర్రం ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. అలా నిలబడిన గుర్రాన్ని చూస్తే ఆ క్షణమే వైద్యుణ్ణి పిలవాలి. లావైందని ఉన్నట్టుండి తిండి మాన్పించినా ప్రమాదమే. మినీల ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తగ్గించాలన్నా నెమ్మదిగానే తగ్గించాలి.

చలికాలంలో వీటికి దట్టంగా వెంట్రుకలు పెరుగుతాయి. చూపుకు బొద్దుగా కనిపించే గుర్రం లోపల చిక్కిపోయి ఉండొచ్చు. అందుకే కంటిని నమ్మకండి, చేతిని నమ్మండి. అరచేతిని పక్కటెముకల మీదుగా మెల్లగా పోనిస్తే ఎముకలు చేతికి తెలియాలి, కంటికి కనిపించకూడదు. రోజూ నాలుగు గిట్టలూ ఎత్తి, మడమ వైపు నుంచి ముందుకు గీరుతూ మట్టి, రాళ్లు తీయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు కత్తిరించాలి. చిన్న దవడలో పళ్లు ఇరుకవుతాయి కాబట్టి పళ్లనూ చూపిస్తుండాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కాగలదు. తిండి మానేసి, పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకుంటుంటే ఆలస్యం చేయకూడదు.

ఇంకొకటి మీకు ఇప్పుడే చెప్పాలి. 2006లో గిన్నిస్ పుస్తకం ప్రపంచంలోకెల్లా పొట్టి గుర్రంగా గుర్తించిన థంబెలీనా ఎత్తు పదిహేడున్నర అంగుళాలు, బరువు 26 కిలోలు. అందరూ మురిసిపోయారు. కానీ అది మరుగుజ్జుగా పుట్టింది. ఒళ్లూ తలా ఎదిగినంతగా కాళ్లు ఎదగలేదు, వాటికి ఊతం కట్టాల్సి వచ్చేది. మరుగుజ్జుతనం ఉన్న గుర్రపు పిల్లలకు దవడలు కలవకపోవడం, కీళ్లు వంకర పోవడం మామూలే. దానికి కారణమైన జన్యు లోపాల్లో కొన్నిటిని ఇప్పుడు పరీక్షతో ముందే పట్టుకోవచ్చు. చక్కగా పెంచేవాళ్లు ఆ పరీక్ష చేయించాకే జత కట్టిస్తారు. "అన్నిటికన్నా చిన్నది నా దగ్గరుంది" అనిపించుకోవడానికి గుర్రాలను పుట్టించడం క్రూరత్వమని నా గట్టి అభిప్రాయం. తల్లికీ కష్టమే. ఒళ్లు చిన్నదైన కొద్దీ పిల్ల తల ఇరుక్కుని కాన్పులు ప్రమాదమవుతాయి.

మరి మనమూ తెచ్చుకుందామా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. తెస్తే ఒకటి కాదు, రెండు తేవాలి. ఒంటరి గుర్రం దిగులు పడుతుంది, కంచె వెంట అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దానికి ఇంట్లో గది కాదు, పరిగెత్తడానికి నేల కావాలి, ఎండా వానా తగలని కొట్టం కావాలి, కుక్కలు దూరలేని కంచె కావాలి. పెద్ద గుర్రం జోలికి పోని కుక్క కూడా మినీ మీద పడుతుంది. ఇంకా, ఇవాళ మీరు తెచ్చే గుర్రపు పిల్ల మీ పిల్లలు బడికి వెళ్లే దాకా ఉండొచ్చు. అప్పటిదాకా దాన్ని ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి.

సెలవుల్లో ఎక్కడైనా మినీలను చూసే వీలు కలిగితే పరుగెత్తుకుంటూ పోకండి. ముందు దాని మనిషిని అడగండి. ఎదురుగానో వెనకనుంచో కాకుండా భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లండి. మూతిని కాక మెడను తాకండి. జూలు కింద గీరితే దానికి హాయి. చెవులు వెనక్కి వాలిస్తే ఇక చాలంటున్నట్టే, వెనక్కి జరగండి. చేత్తో ఏమీ తినిపించకండి, కొరకడం అక్కడే అలవాటవుతుంది. ముద్దుగా ఉందని ముందు కాళ్లు మీ మీద వేయనివ్వకండి. పెద్ద గుర్రం చేస్తే ఒప్పుకోని పని దీన్నీ చేయనివ్వకూడదు. 90 కిలోల జంతువు తన్నితే ఎముక విరుగుతుంది.

గిట్టలు శుభ్రం చేయడం నేర్చుకోవాలని ఉన్నవాళ్లు పాత బట్టలు, వేళ్లు పూర్తిగా మూసే గట్టి బూట్లు సిద్ధం చేసుకోండి. చెప్పులతో వెళ్తే మాత్రం కంచె బయటే నిలబడాలి.

ఇట్లు,
మీ తాతయ్య