దూడ వాటా పాలు: అపోహలు, వాస్తవాలు

తల్లినీ దూడనూ వేరు చేయడం పాపం కాదా అని పశువైద్యుడినైన నన్ను ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే మన ఊళ్లలో దూడలు ఎక్కువగా చనిపోతున్నది వేరు చేసినందుకు కాదు, తల్లి కళ్లెదుటే కట్టేసి కడుపు మాడ్చినందుకు.

అపోహ: మాయ (ఈనాక బయటికి వచ్చే పొర) పడేదాకా దూడకు ముర్రుపాలు పట్టకూడదు.

వాస్తవం: రైతులతో నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. ఆవు, గేదెల్లో తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులోని దూడకు చేరదు. పుట్టాక ముర్రుపాల ద్వారానే అందాలి. దాన్ని పేగులు పీల్చుకునే గుణం గంటగంటకూ తగ్గుతూ, ఒక రోజు గడిచేసరికి దాదాపు పోతుంది. మాయ పడడానికి ఎనిమిది, పది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అంతసేపు ఆపితే దూడకు మళ్లీ దొరకనిది పోగొట్టినట్టే. పైగా దూడ చీకుతుంటే తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడడానికి అది సాయమే. పుట్టిన గంట రెండు గంటల్లో మొదటిసారి తాగించండి. తొలిరోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు అందాలి. ఇంట్లో జున్ను ఆ తర్వాత మిగిలిన పాలతోనే.

అపోహ: పాలు ఎక్కువ తాగితే పారుడు (విరేచనాలు) పట్టి చస్తుంది.

వాస్తవం: గేదె దూడల్లో పారుడుకు ఏలికపాములనే నట్టలు పెద్ద కారణం. వాటి పిల్లలు తల్లి పాలలోనే దూడకు చేరతాయి. రెండో వారంలో నట్టల మందు తాగించాలి, పాలు మాన్పించడం కాదు. మగదూడ అయితే ఆ మందు కూడా దండగే అనుకునేవాళ్లున్నారు. దున్నదూడ ఆకలి కూడా పెయ్యదూడ ఆకలి లాంటిదే కదా!

అపోహ: పశువు రెండు రోజుల్లో మర్చిపోతుంది.

వాస్తవం: కొన్ని రోజులు కలిసి ఉన్నాక విడదీస్తే తల్లి అరుస్తుంది, వెతుక్కుంటుంది, మేత తగ్గిస్తుంది. పుట్టగానే వేరు చేస్తే ఆ బాధ బయటికి తక్కువ కనిపిస్తుంది. పెద్ద డెయిరీలు అలా చేయడానికి అదీ ఒక కారణం. కానీ తల్లి దగ్గర చీకి పెరిగిన దూడ త్వరగా బరువెక్కుతుంది, తోటి పశువులతో మెలగడం నేర్చుకుంటుంది. రెండు మూడు గేదెలున్న ఇంట్లో విడదీయాల్సిన అవసరం నాకైతే కనిపించదు. తప్పక విడదీస్తే పాలు కొలిచి పట్టండి, దూడను మరో దూడతో కలిపి ఉంచండి.

అపోహ: దూడ చచ్చిన గేదె పాలివ్వాలంటే ఆక్సిటోసిన్ ఇంజెక్షనే దిక్కు.

వాస్తవం: ఆక్సిటోసిన్ పొదుగులో ఉన్న పాలను దించుతుందే తప్ప కొత్తగా పాలు పుట్టించదు. రోజూ పొడిస్తే అది లేనిదే చేపని, అంటే పాలు దించని స్థితి వస్తుంది. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్లు ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రోజూ అదే మనిషి, అదే వేళకు, ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి నెమ్మదిగా నిమిరితే చాలా గేదెలు చేపుతాయి. కొన్నిటికి వారం పైనే పడుతుంది. ఆ వారం పాలు తగ్గుతాయి, తగ్గనివ్వండి.